థీమ్ పార్కుకు ఏ కాలంలో వెళ్తే మంచిది? తిరుపతి, చిత్తూరు కుటుంబాల కోసం ఒక లెక్క

2025 డిసెంబరులో చెన్నైకి దక్షిణాన, తిరుప్పోరూరు ప్రాంతంలో వండర్‌లా కొత్త పార్కు తెరుచుకున్న తర్వాత తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఒక పాత ప్రశ్న మళ్లీ మొదలైంది. అంతకుముందు పెద్ద థీమ్ పార్కు అంటే ఇక్కడివారికి బెంగుళూరు దాటి మైసూరు దారిలో ఉన్న బిడది, లేదంటే హైదరాబాదు. వేసవి సెలవుల్లోనో దసరాకో బయల్దేరడం అలవాటు. ఇప్పుడు దగ్గరలోనే ఇంకో పార్కు వచ్చింది కాబట్టి, అదే అలవాటు చొప్పున దసరాకో డిసెంబరు చివర్లోనో చెన్నై వెళ్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. కానీ బెంగుళూరుకు కుదిరిన నెల చెన్నైకి కుదరదు, హైదరాబాదుకు కుదిరినది ఈ రెండింటికీ కుదరకపోవచ్చు. ఈ తేడాలు ఎందుకు వస్తాయో, వాటిని ఎలా తూచాలో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

"మంచి కాలం ఏది?" అని అడిగినప్పుడు నిజానికి నాలుగు ప్రశ్నలు ఒకేసారి అడుగుతున్నాం. అక్కడ ఎండ, వాన ఎలా ఉంటాయి? జనం ఎంతమంది ఉంటారు? టికెట్ ధర ఎంత? రైడ్లన్నీ నడుస్తాయా? ఈ నాలుగూ ఒకే వారంలో అనుకూలించడం అరుదు. వాటిలో ఎక్కువ బరువు ఇవ్వవలసింది జనానికేనని నా అభిప్రాయం. ఆ జనాన్ని అంచనా వేయాలంటే మన పిల్లల బడి సెలవులకన్నా ముందు, పార్కు ఉన్న రాష్ట్రంలోని బడుల సెలవులు చూడాలి. చాలామంది చూడకుండా వదిలేసే సంగతి ఇదే.

ముందుగా కొన్ని మాటలు

అమ్యూజ్‌మెంట్ పార్కు అంటే రోలర్ కోస్టర్లు, జెయింట్ వీల్స్, తిరిగే ఊయలల వంటి రైడ్లు ఒకే ఆవరణలో ఉండే చోటు. వాటిని ఒక కథకో ఊహాలోకానికో తగినట్టు కట్టి, అలంకరించి, ప్రదర్శనలు కూడా జోడిస్తే థీమ్ పార్కు అంటారు. వాటర్ పార్కులో జారుడు బల్లలు, అలల కొలను వంటి నీటి రైడ్లే ప్రధానం. మన దగ్గరున్న పెద్ద పార్కులు చాలావరకు ఈ మూడింటి కలయిక: కొన్ని పొడి రైడ్లు, కొన్ని నీటి రైడ్లు, పిల్లలకు వేరే విభాగం. రామోజీ ఫిల్మ్ సిటీ తీరు వేరు. 1996లో మొదలై, 1,666 ఎకరాలతో ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియోగా గిన్నిస్ పుస్తకంలోకెక్కిన ఆ ప్రాంగణంలో సందర్శకులు ఎక్కువసేపు గడిపేది బస్సులో తిరుగుతూ, సెట్ల మధ్య నడుస్తూ. అందుకే ఎండ ప్రభావం అక్కడ మిగతా పార్కులకన్నా ఎక్కువ.

పీక్ సీజన్ అంటే సందర్శకులు ఎక్కువగా వచ్చే రోజులు, ఆఫ్ సీజన్ అంటే తక్కువగా వచ్చే రోజులు. ఇవి నెలలను బట్టే వస్తాయని అనుకుంటాం గానీ, ఒకే వారంలో మంగళవారం ఆఫ్ సీజన్‌గానూ శనివారం పీక్‌గానూ ఉండవచ్చు.

మూడు నగరాలు, మూడు వానాకాలాలు

తిరుపతి నుంచి చెన్నై సుమారు 135 కిలోమీటర్లు, బెంగుళూరు సుమారు 250, హైదరాబాదు 550కి పైనే. దూరాల్లో ఇంత తేడా ఉన్నప్పుడు వానాకాలంలో తేడా ఉండటం ఆశ్చర్యం కాదు, కానీ ప్రయాణం అనుకునేటప్పుడు దీన్ని మరిచిపోతాం.

హైదరాబాదుకు వాన ఇచ్చేది నైరుతి రుతుపవనం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానాకాలం, అక్టోబరు గడిచాక ఆకాశం తేటపడుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పొడిగా, చల్లగా ఉండే హైదరాబాదు, థీమ్ పార్కుకు వాతావరణపరంగా చూస్తే ఈ మూడింటిలో అన్నిటికన్నా నమ్మదగిన చలికాలం ఉన్న నగరం.

చెన్నైలో కథ తిరగబడుతుంది. అక్కడ ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనం వల్ల పడుతుంది. తిరుపతిదీ, జిల్లాలో తూర్పున ఉన్న సూళ్లూరుపేట, సత్యవేడుదీ అదే కోవ కాబట్టి ఇక్కడివారికి ఇది కొత్త విషయం కాదు. 2021 నవంబరులో తిరుపతి వీధులు నీట మునిగి స్వర్ణముఖి పొంగింది ఈ కాలంలోనే. 2015 డిసెంబరు మొదట్లో చెన్నై మునిగిందీ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచి బాపట్ల దగ్గర తీరం దాటిందీ ఈ కాలంలోనే. ప్రతి ఏడాదీ ఇలా జరగదు. నవంబరులో వరసగా పది రోజులు ఎండ కాసిన ఏళ్లూ ఉన్నాయి. కానీ చెన్నైకి నవంబరులో ముందుగా రోజు ఖాయం చేసుకోవడం పందెం కాయడమే. జనవరి రెండో వారం నుంచి మార్చి మధ్య దాకా అక్కడ వాన దాదాపు ఉండదు, ఎండ కూడా ఇంకా ముదరదు.

బెంగుళూరు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల ఏప్రిల్, మే నెలల్లో కూడా తిరుపతి ఎండ అక్కడ కాయదు. కానీ ఆ రెండు నెలల్లోనే మధ్యాహ్నం మూడు దాటాక ఉరుములతో వానలు పడుతుంటాయి. జూన్, జూలైలో మబ్బు, తుంపర ఎక్కువ. ముంచెత్తే వానలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరులో పడతాయి. అంటే మనం దసరాకు బెంగుళూరు వెళ్లే అలవాటు అక్కడి వానలు బలంగా ఉండే రోజుల్లోనే పడుతోంది. ఇన్నేళ్లుగా ఎవరూ పెద్దగా ఇబ్బంది పడకపోవడానికి కారణం, అక్కడి వాన ఎక్కువగా సాయంత్రమో రాత్రో కురిసి వెలిసిపోవడం.

దసరా విషయంలో ఇంకో మెలిక ఉంది. అది చాంద్రమాన పండుగ కాబట్టి ఇంగ్లీషు తేదీ కదులుతూ ఉంటుంది: విజయదశమి 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న వచ్చింది. ఈశాన్య రుతుపవనం సాధారణంగా అక్టోబరు 20 ప్రాంతంలో మొదలవుతుంది. అందువల్ల పండుగ ముందుగా వచ్చిన ఏడాది సెలవులు చెన్నై వానలకు ముందే అయిపోతాయి, ఆలస్యంగా వచ్చిన ఏడాది సరిగ్గా వానల్లో పడతాయి. "పోయినేడు దసరాకు వెళ్లాం, చుక్క వాన లేదు" అన్న అనుభవం ఈ ఏడాదికి పనికిరాకపోవచ్చు. పంచాంగం చూడకుండా దసరా ప్రయాణం గురించి ఏదీ చెప్పలేం.

వాన పడితే పార్కులో ఏం జరుగుతుందో కూడా తెలిసి ఉండాలి. సన్నని తుంపరకు నీటి రైడ్లు ఆగవు, ఎలాగూ తడిసే ఉంటాం. మెరుపులు, బలమైన గాలి మొదలైతే మాత్రం ఎత్తైన రైడ్లన్నీ భద్రత కోసం ఆపేస్తారు. వాన వెలిసిన తర్వాత కూడా పట్టాలు, బ్రేకులు పరీక్షించాకే మళ్లీ నడుపుతారు. వాన పడిందన్న కారణంతో టికెట్ డబ్బు తిరిగి ఇవ్వడం మామూలుగా ఉండదు.

ఎండ సంగతి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయని అన్నవాళ్లు ఈ ప్రాంతం వంటి చోట బతికినవాళ్లే. అయితే మే నెలలో నీటి రైడ్లకు వెళ్తే ఎండ బాధ ఉండదన్న నమ్మకం సగమే నిజం. కొలనులో ఉన్నంతసేపు హాయిగానే ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి కొలను నుంచి లాకర్ గది దాకా కాలే సిమెంటు నేల మీద వట్టికాళ్లతో నడిచే పిల్లవాడు, మడమలెత్తి పరుగెత్తి, నీడ కనిపించిన చోట ఆగి, మళ్లీ పరుగెత్తుతాడు. క్యూలో నిలబడేది కూడా ఆ ఎండలోనే. చలికాలపు ఇబ్బంది ఇంకో రకం. కొలనుల్లోకి నూలు బట్టలు ఒప్పుకోరు, నైలాన్ దుస్తులే వేసుకోవాలి. డిసెంబరులో బిడదిలో నాలుగున్నర దాటి గాలి మొదలయ్యాక ఆ తడి నైలాన్ ఒంటికి అతుక్కుని, పిల్లల పెదవులు వణకడం మొదలవుతుంది.

సెలవులు ఎవరివి?

పార్కుకు వచ్చేవారిలో పెద్ద భాగం ఆ నగరం నుంచీ, దాని చుట్టుపక్కల నుంచీ వచ్చేవారే. కాబట్టి బెంగుళూరు పార్కు జనాన్ని నిర్ణయించేది ముఖ్యంగా కర్ణాటక బడులు, చెన్నై పార్కు జనాన్ని నిర్ణయించేది తమిళనాడు బడులు. ఆంధ్ర సెలవులు ఈ రెండింటితో కొంత కలుస్తాయి, కొంత కలవవు. మనకు లాభం ఉన్నది కలవని చోటే.

ఆంధ్రప్రదేశ్‌లో వేసవి సెలవులు మామూలుగా ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా ఉంటాయి. కర్ణాటకలో అవి ఏప్రిల్ రెండో వారంలోనే మొదలై, మే నెలాఖరుకు ముగుస్తాయి. అంటే జూన్ మొదటి పది రోజుల్లో మన పిల్లలకు ఇంకా సెలవులే, బెంగుళూరు పిల్లలు మాత్రం కొత్త పుస్తకాలకు అట్టలు వేసుకుని బడికి వెళ్తుంటారు. ఆ రోజుల్లో సోమవారం నుంచి గురువారం మధ్య బిడది వెళ్లే తిరుపతి కుటుంబానికి బడి మానే పని లేదు, స్థానిక రద్దీ తక్కువ, తిరుపతిలో ఇంకా ఎండ మండుతున్నా అక్కడ వాతావరణం చల్లబడి ఉంటుంది. మృగశిర కార్తె వచ్చే జూన్ 7, 8 తేదీల నాటికి అక్కడ తుంపర మొదలై ఉండవచ్చు. ఆ చిన్న ఇబ్బందిని పక్కన పెడితే, బెంగుళూరు విషయంలో ఏడాది మొత్తంలో మనకు దొరికే మంచి సందు ఇదేనని నేను అనుకుంటున్నాను. ఆశ్చర్యం ఏమిటంటే, ఎక్కువ మంది మే మొదటి రెండు వారాల్లోనే వెళ్లి వచ్చేస్తారు.

తమిళనాడు సెలవుల్లో మనకు లేని రెండు విరామాలు ఉన్నాయి. సెప్టెంబరు చివర్లో త్రైమాసిక పరీక్షల తర్వాత కొన్ని రోజులు, డిసెంబరు చివర్లో అర్ధ సంవత్సర పరీక్షల తర్వాత క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఇంకొన్ని రోజులు. మన దగ్గర మిషనరీ బడులకు తప్ప డిసెంబరు చివర్లో పెద్ద సెలవులు ఉండవు. కాబట్టి "మనకు బడులున్నాయి, జనం ఉండరు" అని డిసెంబరు 27న చెన్నై వెళ్లినవారు అక్కడి పిల్లలందరి మధ్యా నిలబడవలసి వస్తుంది.

సంక్రాంతి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కనుమనాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి చాలా కుటుంబాలు కనుమ దాటాక, ముక్కనుమ రోజున ఎక్కడికైనా బయల్దేరతాయి. మనకు ముక్కనుమ అయిన రోజు తమిళులకు కాణుం పొంగల్. ఆ రోజు ఇంటిల్లిపాదీ బయటికి వెళ్లి గడపడమే వారి పండుగ. మెరీనా బీచి, వండలూరు జూ జనంతో నిండిపోతాయి. పార్కుల పరిస్థితి వేరుగా ఉంటుందని ఆశించలేం. చెన్నై వాతావరణం బాగుపడే జనవరిలో, మనకు సెలవు దొరికే రోజుల్లో, అన్నిటికన్నా రద్దీ రోజు అదే కావడం చిత్రమైన కలయిక. అదే పార్కుకు జనవరి చివరి వారంలోనో ఫిబ్రవరిలోనో మామూలు పనిదినాన వెళ్తే వాతావరణం అంతే బాగుంటుంది, జనం చాలా తగ్గుతారు.

దసరాకు మాత్రం సందు లేదు. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక మూడింటికీ అప్పుడే సెలవులు, తెలంగాణలో బతుకమ్మతో కలిపి ఇంకాస్త ఎక్కువ, కర్ణాటకలో కూడా ఎక్కువ రోజులే.

పనిదినం అంటే ఖాళీ అనుకోవడమూ పూర్తిగా సరికాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బడుల విహారయాత్రల కాలం. బుధవారం ఉదయం పార్కు ముందు వరసగా పసుపు బస్సులు ఆగి ఉండవచ్చు. కాకపోతే దూరం నుంచి వచ్చిన బడి పిల్లలను సాయంత్రం కాస్త ముందుగానే బస్సులు ఎక్కిస్తారు కాబట్టి చివరి గంట, గంటన్నర తేలికపడుతుంది.

క్యూ ఎందుకు ఒక్కసారిగా పెరుగుతుంది: ఒక లెక్క

జనానికి ఎక్కువ బరువు ఇవ్వాలని ఎందుకన్నానో చెప్పాలంటే క్యూ లెక్క చూడాలి. ఇవి ఏ పార్కువో అసలు అంకెలు కావు, అర్థం కావడానికి తీసుకున్నవి.

ఒక రోలర్ కోస్టర్ బండిలో 20 సీట్లు ఉన్నాయనుకుందాం. రెండు బండ్లు మార్చి మార్చి నడుపుతూ ప్రతి మూడు నిమిషాలకు ఒకటి వదులుతారు. గంటకు 20 సార్లు, అంటే 400 మంది ఎక్కగలరు. ఒక రోజు గంటకు 350 మంది ఆ రైడ్‌కు వస్తున్నారు. వచ్చినవారు వచ్చినట్టే ఎక్కేస్తారు, క్యూ పెద్దగా ఏర్పడదు. ఇంకో రోజు గంటకు 500 మంది వస్తున్నారు. ప్రతి గంటకూ 100 మంది మిగిలిపోతారు. 11 గంటలకు తెరిస్తే మధ్యాహ్నం మూడు గంటలకు క్యూలో 400 మంది ఉంటారు. అప్పుడు వచ్చి చివర నిలబడ్డవారికి సరిగ్గా గంట పడుతుంది. జనం రెట్టింపు కూడా కాలేదు, సగం కూడా పెరగలేదు. ఎదురుచూపు మాత్రం కొద్ది నిమిషాల నుంచి గంటకు పెరిగింది.

తిరుపతివారికి ఇది తెలిసిన లెక్కే. కొండ మీద రోజుకు దర్శనం చేయించగలిగినంత మంది వచ్చినంతవరకు కంపార్ట్‌మెంట్లు నిండుతూ ఖాళీ అవుతూ ఉంటాయి. ఆ హద్దు కాస్త దాటిన రోజున లైను బయటికి వచ్చి శిలాతోరణం దాకా సాగుతుంది. ఎంతమంది వచ్చారన్నదానికన్నా, సామర్థ్యం దాటి ఎంతమంది వచ్చారన్నదే ఎదురుచూపును తేలుస్తుంది.

ఇక్కడే ఆఫ్ సీజన్ గురించి ఒక చిక్కు ఉంది. జనం తక్కువని తెలిసిన రోజున పార్కు రెండు బండ్లకు బదులు ఒకటే నడపవచ్చు. అప్పుడు గంటకు 200 మందే ఎక్కగలరు. గంటకు 250 మంది వస్తే ప్రతి గంటకూ 50 మంది మిగులుతారు, 11కు తెరిస్తే మధ్యాహ్నం మూడు అయ్యేసరికి క్యూలో 200 మంది. వారికీ గంటే పడుతుంది. రద్దీ రోజు వచ్చిన 500 మందికీ, దానిలో సగం మందే వచ్చిన ఖాళీ రోజుకూ ఆ ఒక్క రైడ్ దగ్గర ఎదురుచూపు సమానం. పెద్ద మరమ్మతులు కూడా జనం తక్కువ ఉన్న వారాల్లోనే పెట్టుకుంటారు కాబట్టి, పిల్లలు దేనికోసం ఎదురుచూశారో ఆ రైడే మూసి ఉండవచ్చు. ఖాళీ రోజుల్లో మొత్తం మీద ఎక్కువ రైడ్లు ఎక్కగలమన్నది నిజమే, అన్నీ ఎక్కగలమన్న హామీ మాత్రం లేదు.

రద్దీ రోజుల్లో అదనపు డబ్బుతో అమ్మే ఫాస్ట్‌ట్రాక్ టికెట్లు కొత్త సీట్లను పుట్టించవు. 400 సీట్లలో 100 వాటికి పోతే మామూలు క్యూకు మిగిలేది 300. కొన్నవారి ఎదురుచూపు తగ్గుతుంది, కొననివారిది అంతకంత పెరుగుతుంది.

ఈ లెక్క అందరికీ ఒకేలా వర్తించదని కూడా చెప్పాలి. సుమారు 140 సెంటీమీటర్ల ఎత్తు లేని పిల్లలను పెద్ద రైడ్లలో చాలావాటికి సాధారణంగా అనుమతించరు. నాలుగేళ్ల పాపతో వెళ్లే తల్లిదండ్రులు గంట క్యూ ఉన్న కోస్టర్ వైపు ఎలాగూ వెళ్లరు. వారికి జనంకన్నా ఎండ ముఖ్యం. కాలేజీ స్నేహితుల గుంపుకు సరిగ్గా దీనికి వ్యతిరేకం.

టికెట్ ధర

శని, ఆదివారాలకూ సెలవు రోజులకూ ఎక్కువ, మామూలు పనిదినాలకు తక్కువ ధర పెట్టడం పార్కుల్లో సాధారణమైపోయింది. కానీ టికెట్ ధరను ఎక్కగలిగిన రైడ్లతో భాగించి చూస్తే అసలు తేడా కనిపిస్తుంది. ఉదాహరణకు 1,500 రూపాయల టికెట్‌తో తేలికైన రోజున 15 రైడ్లు ఎక్కితే రైడ్‌కు 100 రూపాయలు. 1,800 పెట్టి రద్దీ రోజున 6 ఎక్కితే రైడ్‌కు 300. టికెట్ మీద పెరిగింది అయిదో వంతు, చేతికి దక్కినదాని ఖరీదు మూడింతలు.

మూడు వాదనలు

వేసవినే సమర్థించేవారి మాటలో బలం ఉంది. పిల్లలకు చదువు పోదు, ట్యూషన్లు ఉండవు, బంధువుల పిల్లలందరూ ఒకచోట చేరతారు, నీటి రైడ్ల అసలు సుఖం ఎండాకాలంలోనే తెలుస్తుంది, పార్కులు కూడా ఎక్కువ సమయం తెరిచి ఉంచుతాయి. పదిమంది అన్నదమ్ముల పిల్లలు కలిసి వెళ్లే సరదాకు క్యూ ఒక లెక్కలోనిది కాదనేవారిని తప్పుపట్టలేం. వారికి రద్దీ కూడా సందడే.

పనిదినాలను సమర్థించేవారి వాదన పైన చూసిన లెక్క మీద నిలబడుతుంది. వారు చిన్నచూపు చూసేది బడి హాజరును. మూడో తరగతి పిల్లవాడికి ఒక రోజు పోతే పెద్ద నష్టం లేదు. పదో తరగతి పిల్లకు జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఒక రోజు కూడా ఖరీదైనదే. పెద్దవారికీ అంతే: జీతం కోత లేని సెలవు ఉన్న ఉద్యోగికి మంగళవారం చవక, రోజు దుకాణం తెరిస్తేనే రాబడి ఉన్న వ్యాపారికి చవక కాదు. మరీ తిరుపతిలో భక్తుల రాకను నమ్ముకున్న వ్యాపారికి ఊరు రద్దీగా ఉండే రోజులే సంపాదన రోజులు.

చలికాలం పక్షంవారు చెప్పేది పెద్దవారు వెంట ఉన్న కుటుంబాలకు బాగా నప్పుతుంది. మోకాళ్ల నొప్పులున్న అవ్వ పార్కులో ఒక్క రైడ్ కూడా ఎక్కకపోవచ్చు, కానీ రోజంతా అక్కడే కూర్చోవాలి. ఆమెకు కావలసింది నీడ, చల్లని గాలి. హైదరాబాదు డిసెంబరు, చెన్నై ఫిబ్రవరి ఆ కోరిక తీరుస్తాయి.

ఈ మూడింటినీ ఒక కుటుంబం మీద పెట్టి చూద్దాం. తిరుపతిలో ఉంటున్న ఒక ఇంట్లో తొమ్మిదో తరగతి అమ్మాయి, మూడో తరగతి అబ్బాయి, తల్లిదండ్రులు, అవ్వ ఉన్నారు. మే రెండో శనివారం బిడది వెళ్తే సెలవు పెట్టే పని లేదు, కానీ కర్ణాటక సెలవులు, వారాంతం రెండూ కలుస్తాయి. అమ్మాయి ఎక్కాలనుకున్న కోస్టర్లకు గంటల క్యూ, సాయంత్రం ఉరుముల వాన పడే అవకాశం, అవ్వకు ఉక్క. జూన్ మొదటి బుధవారం అదే బిడదికి వెళ్తే తండ్రికి ఒకటి రెండు రోజుల సెలవు కావాలి, మిగతావన్నీ అనుకూలం. ముక్కనుమకు చెన్నై వెళ్తే వాతావరణం బాగుంటుంది, జనమే సమస్య. ఫిబ్రవరిలో ఒక బుధవారం చెన్నై వెళ్తే వాతావరణం, జనం రెండూ కుదురుతాయి, పిల్లలిద్దరికీ ఒక రోజు బడి పోతుంది. ఈ ఏడాదికి అది సరే. వచ్చే ఏడాది అమ్మాయి పదిలోకి వస్తుంది కాబట్టి అప్పుడు జూనే మిగులుతుంది. అందరికీ వర్తించే ఒకే జవాబు లేకపోవడానికి కారణం ఇదే, ఒకే ఇంటికి కూడా ఏడాదికేడాది జవాబు మారుతుంది.

కుప్పం, పలమనేరు వారికి బెంగుళూరు ఎంత దగ్గరో నగరి, సత్యవేడు వారికి చెన్నై అంత దగ్గర. కాబట్టి 2022లో విడిపోయిన ఈ రెండు జిల్లాల్లోనే తూకం ఊరికొక రకంగా మారుతుంది. దూరం తక్కువైనవారికి రోజును చివరి క్షణంలో మార్చుకునే వెసులుబాటు ఉంటుంది. దాని విలువ ఎంతో కింద చూద్దాం.

విదేశీ పార్కులు

పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇళ్ల నుంచి ఓర్లాండో వెళ్లేవారు, సింగపూరు, హాంకాంగ్, టోక్యో ప్యాకేజీలు తీసుకునేవారు ఇప్పుడు తిరుపతిలోనూ ఉన్నారు. సూత్రం అదే, క్యాలెండరు ఇంకా దూరపుది. మన వేసవి సెలవుల మొదట్లో, ఏప్రిల్ చివర, మే మొదటి వారాల మధ్య జపాన్‌లో గోల్డెన్ వీక్ సెలవులు వస్తాయి. టోక్యో డిస్నీల్యాండ్‌కు అవి బాగా రద్దీ రోజులు. అక్టోబరు 1 నుంచి చైనా జాతీయ దినోత్సవ సెలవులు. దసరా ముందుగా వచ్చిన ఏడాది హాంకాంగ్ వెళ్తే వాటితో ఢీకొంటాం. సింగపూరు భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడవునా వాన తప్పదు, జూన్‌లో అక్కడి బడులకూ సెలవులే. ఓర్లాండో ఉన్న ఫ్లోరిడాలో జూన్ నుంచి నవంబరు దాకా హరికేన్ల (పెను తుపానుల) కాలం. అందులోనే సెప్టెంబరు జనం బాగా తగ్గే నెల. వాన భయానికీ జనం తగ్గడానికీ మధ్య ఈ బేరం మన చెన్నై నవంబరును పోలినదే.

బయల్దేరే రోజు, తిరిగి వచ్చే రోజు

పార్కు రోజు బాగుండి, ప్రయాణం బాగుండకపోతే ఫలితం లేదు. తిరుపతికి ఇక్కడ ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది: మనం సెలవులకు బయటికి వెళ్లే రోజుల్లోనే దేశమంతా ఇక్కడికి వస్తుంది. వేసవి, దసరా ముందు బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో తిరుపతికి వచ్చే రైళ్లు, బస్సులు నిండిపోతాయి, అందువల్ల మన తిరుగు ప్రయాణమే కష్టమవుతుంది. హైదరాబాదుకు సంక్రాంతి సెలవుల్లో వెళ్లేవారికి ఇది బాగా తెలుస్తుంది. పండుగకు ముందు ఆ నగరం నుంచి ఆంధ్ర వైపు జనం వస్తుంటారు కాబట్టి ఎదురుగా వెళ్లే మనకు పోయేటప్పుడు సీటు సులభం. భోగికి ఇంటికి చేరాలనుకుంటే తిరుగు ప్రయాణం ఆ ప్రవాహంలోనే పడుతుంది. పండుగ అయ్యాక వెళ్తే పోయేటప్పుడే రద్దీ, వచ్చేటప్పుడు తేలిక.

2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్లు 60 రోజుల ముందే తెరుచుకుంటున్నాయి. అంతకుముందు ఆ గడువు 120 రోజులు. హైదరాబాదు వెళ్లే నారాయణాద్రి, చిత్తూరు నుంచి బయల్దేరే వెంకటాద్రి, 2023 ఏప్రిల్‌లో మొదలైన వందే భారత్ వంటి రైళ్లలో పండుగ రోజుల సీట్లు ఆ మొదటి రోజుల్లోనే అయిపోతుంటాయి. వాతావరణ సూచన మాత్రం అయిదారు రోజులకు మించి నమ్మదగ్గది కాదు. అంటే రోజు ఖాయం చేసుకునేటప్పటికి వాన సంగతి తెలియదు, వాన సంగతి తెలిసేటప్పటికి రోజు మార్చుకోలేం. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య చెన్నై వెళ్లక తప్పనివారికి బస్సో సొంత కారో మేలు కావడానికి కారణం ఇదే: సూచన చూసి గురువారం ప్రయాణాన్ని మంగళవారానికి జరుపుకోవచ్చు, తెల్లవారుజామున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరవచ్చు. హైదరాబాదు ప్రయాణానికి ఆ వెసులుబాటు ఉండదు. నవంబరు, డిసెంబరు నెలల్లో అక్కడ వాన చాలా అరుదు కాబట్టి దాని అవసరమూ అంతగా పడదు.